డబ్బాలో పట్టినంత

"ఎవరు బంద్ చేసిన్రు దీన్ని?"

మమత కాళ్ళ కింద నీళ్ళు. డీప్ ఫ్రీజర్ మూత ఒక చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడింది. ఎప్పుడూ గుర్రుమని చప్పుడు చేసే ఆ పెట్టె ఇప్పుడు మూగగా ఉంది. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన అట్టడబ్బాలు తడిసి, మెత్తబడి, పక్కలకు ఒరిగిపోయాయి.

పంపు దగ్గర గిన్నెలు కడుగుతున్న బాలవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె దోహాలో ఉన్న కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చి వారం కూడా కాలేదు; ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"నేనే చేసిన. రాత్రి పండుకునేటప్పుడు. ఏమైంది బిడ్డా?"

"ఎందుకు చేసినవ్ అత్తమ్మా?"

"ఎందుకేంది? ఇంటికాడ రోజు చేస్తం గద. పండుకునే ముందు ఫ్రిజ్ బంద్ చేసి, పొద్దుగాల మల్ల ఏస్తం. రాత్రంత నడిస్తే కరెంటు కాలదా? మిషిన్ గూడ కరాబైతది."

"గది ఫ్రిజ్. గిది ఫ్రీజర్."

"రెండు సల్లగ చేసేటియే గద."

మమత మూత అంచు తడిమింది. ఎవరో వాడి అమ్మేసిన ఫ్రీజర్ అది. మూత రబ్బరు సగం ఊడిపోయింది. రాత్రి ఆపితే, ఈ ఉక్కలో, పొద్దుటికి ఇంకేం మిగులుతుంది?

"మమతా, ఏమైంది? పొద్దుపొద్దున్నే గొంతు లేస్తుంది?" అంటూ కనీజ్ వచ్చింది. అల్ దోహా అల్ జదీదాలోని ఆ పాత విల్లాను యజమాని ముక్కలు చేసి అద్దెకిచ్చాడు. ముందు గదులు కనీజ్ వాళ్ళవి, వెనక గది మమతది. వంటగది ఒక్కటే. కనీజ్‌ది బోధన్, భర్త టాక్సీ నడుపుతాడు.

కనీజ్ నీళ్ళు చూసింది, స్విచ్ చూసింది, బాలవ్వను చూసింది. నవ్వు ఆపుకుంది.

"అవ్వా, ఈడ కరెంటు కిరాయిలనే వస్తుంది. సగం మంది ఏసీ బంద్ చెయ్యకుండనే ఊరికి పోతరు."

"మరి నాకెవరు చెప్పిన్రు?"

కనీజ్ ఒక డబ్బా తీసి బొటనవేలితో నొక్కింది. "నడుమ ఇంక గడ్డ ఉంది. పాడైతే గాలె. మళ్ళ స్విచ్ ఎయ్యి."

"మల్ల గడ్డ కట్టించొద్దు కనీజక్కా. డబ్బ మీదనే రాసుంటది."

"అయితే తినాలె."

"అన్ని? ఒక్కదాన్ని?"

ఆదివారం దాకా లెక్క చూసుకుని తెచ్చుకున్న డబ్బాలు అవి. గ్రిల్ చేసిన చికెన్ ముక్క, పక్కన ముతక బియ్యపు అన్నం, ఉడికిన బీన్స్. ఇంకోదాంట్లో పాలకూర, పాస్తా. వేరొకదాంట్లో చేప, ఆలుగడ్డ ముద్ద. పూటకొకటి. తినటం మొదలుపెట్టిన కొత్తలో ఒక్కో ముద్దకూ ఏడుపొచ్చేది. ఉప్పు లేదు, కారం లేదు. పక్కన ఒక పచ్చిమిరపకాయ పెట్టుకోవటం ఒక్కటే ఆమె తనకు తాను ఇచ్చుకున్న సెలవు.

మమత చేతికి కొలత లేదు. పెద్ద కుటుంబంలో పుట్టింది. గంజు నిండా వండటమే నేర్చుకుంది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఇద్దరికని వండినా నలుగురికయ్యేది. భర్త నగేష్ రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు పనికి మారి, అల్ ఖోర్ క్యాంప్‌లో ఉండటం మొదలుపెట్టాక, ఆ నలుగురి అన్నం ఆమె ఒక్కతే తినేది. పారబోయటానికి మనసొప్పేది కాదు. తింటున్నంతసేపూ ఇంట్లో ఏదో ఒక పని ఉన్నట్టుండేది.

దవాఖానాలో సూడాన్ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. బరువు డెబ్బైకి దిగితేనే పిల్లల కోసం ట్రీట్‌మెంట్ మొదలుపెడతాం, అప్పటిదాకా మందు ముట్టం. అక్కడి కేరళ డైటీషియన్ అమ్మాయి ఈ డబ్బాల సంగతి చెప్పింది. "కొలిచే పని నీకెందుకు? వాళ్ళే కొలిచి పెట్టారు. డబ్బా ఖాళీ అయితే నీ పూట అయినట్టే. దాని పక్కన ఇంకేదీ వండకు."

అప్పటి నుంచి మమత వండలేదు. అత్త వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిన ప్రతిసారీ అది కనీజ్ పొయ్యే.

"నా తిండి నాకు లేకుండ చేసినవ్ అత్తమ్మా."

అంత మాట అనాలనుకోలేదు. అనేసింది.

బాలవ్వ ముఖం ఎర్రబడింది. "నీ తిండా? గది తిండా? అచ్చినకాంచి సూస్తనే ఉన్న. నేను వండింది ముడుతలేవు. నా చేతి కూర ఏం పాపం చేసింది? ఎవలో, ఎక్కడనో, ఎన్నడు వండిన్రో తెల్వనిది మూత సింపుకొని తింటున్నవ్ గని, అత్త ముంగట పెట్టింది తినవ్. ఒక్క గదిల ఉంటున్నం. నువ్వో మూల, నేనో మూల. గిట్ల తినుడు మా ఇంట్ల ఎప్పుడన్న ఉన్నదా?"

"అట్ల గాదు అత్తమ్మా..."

"మరి ఎట్ల?"

ఎట్లో చెప్పటానికి లేదు. 'అమ్మకు తెల్వొద్దు. అమ్మకు తెలిస్తే ఊరందరికి తెలుస్తది' అని నగేష్ ఒట్టు వేయించుకున్నాడు. దవాఖాన సంగతి భార్యాభర్తలిద్దరి మధ్యనే ఉండాలి. మమత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మంచం కింద నుంచి బరువు మిషిన్ లాగి, దాని మీద నిలబడింది. అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి.

డెబ్బై ఒకటి.

దిగి, మళ్ళీ ఎక్కింది. డెబ్బై ఒకటే.

ఆదివారం అపాయింట్‌మెంట్. ఇంకొక్క కిలో. సాయంత్రం వీడియో కాల్‌లో నగేష్‌కు చెప్పాలి. తను చెప్పగానే అతని ముఖం ఎలా మారుతుందో, పక్క మంచం మీది భూమేష్ వినకుండా ఎంత మెల్లగా మాట్లాడతాడో, అన్నీ ఊహించుకుంది. ఫ్రీజర్ నీళ్ళ సంగతి కాసేపు మరిచిపోయింది.

అంతలో ఎల్లిపాయ పోపు వాసన తలుపు కింద నుంచి వచ్చింది.

మమత పరుగున వంటగదిలోకి వెళ్ళింది. పొయ్యి మీద కనీజ్ వాళ్ళ పెద్ద గంజు. బాలవ్వ కొంగు నడుముకు దోపుకుని గరిటె తిప్పుతోంది. గట్టు మీద అట్టలు చించేసిన ప్లాస్టిక్ డబ్బాలు, కడిగి బోర్లించి, వరసగా ఆరుతున్నాయి.

"అన్ని కలిపినవా?"

"పారవోస్తమా మరి? గింత తిండి?"

"చేప గూడనా?"

"చేప పక్కకు వెట్టిన. గంత తెలివి లేదనుకున్నవా? గా తెల్ల గొట్టాలే ఏందో సమజ్ గాలె. అవి గూడ ఏసిన. చింతపులుసు వోసినంక అన్ని దారికొచ్చినయ్."

కనీజ్ అప్పటికే చిన్న గిన్నెలో వేసుకుని రుచి చూస్తోంది. "వల్లా అవ్వా, మస్తుంది! ఏమంటరు దీన్ని?"

"పేరు నువ్వే వెట్టు."

"ఇంటర్నేషనల్ ఖిచిడీ. మా ఆయన టాక్సీల అమ్ముకుంటడు."

ఇద్దరూ నవ్వారు. మమత నవ్వలేదు. గంజులోకి చూస్తూ నిలబడింది. కూర, అన్నం, కారం, నూనె, అన్నీ ఎర్రగా ఉడుకుతున్నాయి.

"ఒక్కో డబ్బకు ఒక్కో కొలత ఉంటది అత్తమ్మా. ఇప్పుడు గంజుల నుంచి నేనెంత పెట్టుకోవాలె? నాకెట్ల తెలుస్తది?"

 చిన్నపిల్ల ఆట చెదరగొడితే ఏడ్చినట్టు ఏడుపు వచ్చేసింది. కనీజ్ నవ్వు ఆపేసింది. గిన్నె మీద మూత పెట్టుకుని, "ఆయనకు డ్యూటీ టైమైంది, పెట్టొస్తా" అని మెల్లగా వెళ్ళిపోయింది.

బాలవ్వ మంట తగ్గించింది. ఇందాకటి కోపం ఆమె ముఖంలో లేదు.

"ఊకో బిడ్డా. ఇగ ఆ కొలతలతోటి ఏం పని? ఆ దావఖాన ముచ్చట ఐపాయె గద."

మమత తల ఎత్తింది.

"ఏ దావఖాన?"

"నాకు చెప్పొద్దని నువ్వన్నవట. నగేషు చెప్పకుంట ఉంటడా? నెల కింద ఫోన్ చేసి ఏడ్సిండు. నీ బరువు దిగుతలేదట గద. డాక్టరమ్మ చేతులెత్తేసిందట గద. ఇగ మేము రాము అని వాడే దావఖానకు ఫోన్ చేసి చెప్పిండట. 'దాని మనసు మంచిగ లేదమ్మా, అచ్చి నాలుగొద్దులు ఉండు, సల్లగ నచ్చజెప్పి నీ వెంట ఇంటికి తోలుకపో' అన్నడు. గందుకే గద నేను విమానమెక్కింది. లేకుంటే ఈ దుబాయ్ నాకేమన్న తల్లిగారిల్లా?"

గంజులో ఒక బుడగ పగిలి, పులుసు పొయ్యి మీద చిట్లింది.

"నీకు తెలిసిందే అనుకున్న బిడ్డా. దుఃఖంల తిండి మీద అలిగి గా డబ్బలు తింటున్నవనుకున్న. నీకు... తెల్వదా?"

 నెల కిందట మమత బరువు డెబ్బై నాలుగుకు దిగింది. ఆ రోజు సాయంత్రం ఫోన్‌లో నగేష్ చప్పట్లు కొట్టాడు.

 ఆ పగలంతా బాలవ్వ కిటికీ దగ్గర కూర్చుని సందులో పోయే కార్లను చూసింది. మమత తడిసిన అట్టలు పోగేసి బయట పడేసింది. ఫ్రీజర్ తుడిచింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. పంపునీళ్ళు వేడిగా వచ్చాయి. స్విచ్ వేయాలని చెయ్యి చాపి, ఖాళీ పెట్టెకు చల్లదనం ఎందుకని ఆగిపోయింది.

దవాఖానాకు ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది. అత్త పొరపాటున ఏదో విని ఉంటుంది, అంతే అనుకుంది. సాయంత్రం ఆయన్నే అడుగుదాం అనుకుంది.

పొద్దు గూకాక మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి నగేష్ వీడియో కాల్ చేస్తాడు. అది వాళ్ళిద్దరి భోజనం వేళ. డబ్బాలు మొదలుపెట్టినప్పుడు అతనే అన్నాడు: "నువ్వొక్కదానివే కష్టపడుడేంది? నేను గూడ గవే తింట. రోజు ఫోన్ల కలిసి తిందాం." ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతులు నడుస్తున్నన్నాళ్ళూ శుక్రవారాలు కూడా సెలవు లేదు. అమ్మను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చి దించిన రోజు కూడా చాయ్ తాగి మళ్ళీ క్యాంప్ బస్సెక్కాడు. కాబట్టి కొన్ని నెలలుగా మమతకు కాపురమంటే ఆ అరగంటే. గ్లాసుకు ఆనించిన ఫోన్, ఇటొక డబ్బా, అటొక డబ్బా.

ఫోన్ మోగింది. మమత దగ్గర డబ్బా లేదు. గట్టు మీద బోర్లించిన వాటిలో ఒకటి తెచ్చి ముందు పెట్టుకుంది. ఎప్పటిలాగే చెంచా పట్టుకుంది. బాలవ్వ ఎదుటి గోడకు ఆనుకుని, ఫోన్‌లో కనబడని చోట కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ మమతా? ఇయ్యాల ఏం డబ్బ?"

"చికెన్. నీది?"

"నాది గూడ గదే."

మమత ఖాళీ డబ్బాలో చెంచా ఆడించి నోటి దాకా తెచ్చింది. నగేష్‌కు ఏమీ తేడా తెలియలేదు. ఫోన్‌కు డబ్బా అంచే కనబడుతుంది, లోపల ఏముందో కనబడదు. ఇది ఇంత సులువా అనుకుంది. మళ్ళీ చెంచా ఆడించింది. కర్ కర్ మని ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ గీసుకున్న చప్పుడు.

అవతలి నుంచి కూడా అదే చప్పుడు వస్తోంది.

ఇన్ని నెలల్లో మమత ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నది. ఈరోజే తెలిసింది. తిండి ఉన్న డబ్బాలో చెంచా అలా మోగదు.

"రుచి ఉన్నదా?" అని అడిగింది.

"ఏం రుచి, గడ్డి లెక్క. నీ కోసం తింటున్న గంతే." నగేష్ నవ్వాడు. నమిలాడు. మింగాడు.

"అన్నా!" వెనక నుంచి భూమేష్ గొంతు. "ఐపాయెనా నీ సినిమా? నడువు, మటన్ సల్లవడుతంది. అందరు తబక్ పళ్ళెం కాడ కూసున్నరు నీ కోసం."

నగేష్ గబుక్కున వెనక్కి తిరిగాడు. మళ్ళీ ముందుకు తిరిగేసరికి ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళు నవ్వటం లేదు.

"గాడు... టీవీల సినిమా ముచ్చట. నువ్వు తిను."

"తింటున్న."

బాలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మమత చెంచా కింద పెట్టింది. "నేనొకటి చెప్పాలె."

"చెప్పు."

"డెబ్బై ఒకటికి అచ్చిన. పొద్దుగాల చూసుకున్న. ఆదివారం దాకా డెబ్బైకి దిగుత."

పొద్దున ఎంతో ఆశగా ఊహించుకున్న ముఖం అది. అందులో సంతోషం రాలేదు. కోపం కూడా కాదు. ఏదో పట్టుబడ్డవాడిలా నగేష్ రెప్ప వాల్చకుండా చూస్తుండిపోయాడు.  ఈసారి నమలటం మరిచిపోయాడు.

"డెబ్బై ఒకటా? మిషిన్ సరిగ్గ ఉన్నదా?"

"సరిగ్గనే ఉన్నది."

"ఆ... మంచిదే. మంచిదే గద."

"ఆదివారం అస్తున్నవ్ గద?"

 వెనక ఎవరో గిన్నె మూత తీసిన చప్పుడు.

"అస్త. లీవ్ అడిగిన. ఫోర్‌మన్ ఇస్తనన్నడు."

"మొదాలు నీ టెస్టుల కాయితాలు గూడ అడిగిన్రు గద. గవి పట్టుకురా."

"నావి మంచిగనే ఉన్నయని ఆనాడే చెప్పిన గద! ఎన్నిసార్లు అడుగుతవ్?" నగేష్ గొంతు పెరిగింది. వెంటనే తగ్గింది. "హలో? మమతా? సిగ్నల్ సరిగ్గ లేదు. రేపు చేస్త."

సిగ్నల్ బాగానే ఉంది. తెర మీద అతని వేలు ఫోన్ వైపు రావటం మమతకు స్పష్టంగా కనబడింది.

 మమత చాలాసేపు ఆ నల్లటి తెరనే చూసింది. అందులో తన ముఖం, తన ముందు ఖాళీ డబ్బా.

ఈ డబ్బాలు ఒంటరిగా తిన్నానని ఆమె ఏనాడూ అనుకోలేదు. చప్పటి ముద్ద గొంతు దిగకపోతే, అక్కడ ఆయన గొంతు కూడా దిగటం లేదులే అనుకునేది. ఆ ఒక్క తలంపే ఉప్పూ కారమూ అయ్యేది.

బాలవ్వ గోడ పట్టుకుని లేచింది. మమత ముందున్న డబ్బా తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చి దాన్ని అక్కడే పెట్టింది. డబ్బా అంచుకు సరిగ్గా ఎర్రటి కిచిడీ. పైన చిన్న చికెన్ ముక్క. పక్కన ఒక పచ్చిమిరపకాయ.

"గీ డబ్బల పట్టినంతనే పెట్టిన. ఒక్క మెతుకు ఎక్కువ లేదు. పైన తేలిన నూనె గూడ తీసిన. సూసుకో."

మమత చూసుకుంది. అంచు దాటలేదు.

"డెబ్బై ఒకటంటే ఇంక ఎంత దిగాలె?"

"ఒక్కటి."

"మరి వాడు దిగుతలేదన్నడు." బాలవ్వ కోడలి ఎదురుగా కింద కూర్చుంది. మూలన కాదు, ఎదురుగా. "నేను అచ్చింది నిన్ను నా వెంట తోలుకపోనీకె. పెట్టె సదురుకొమ్మని రేపే చెప్దామనుకున్న. ఇప్పుడు నాకేం సమజ్ అయితలేదు బిడ్డా. ఆదివారం నీ తోడు నేనస్తే నడుస్తదా ఆ దావఖానల?"

నడవదు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ వచ్చి చెబితే తప్ప అక్కడ ఏదీ మొదలుకాదు.  మమత చెంచా ముట్టుకోకుండా, చేత్తో కలిపి మొదటి ముద్ద తీసుకుంది. పులుపు నాలుకకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని నెలలైంది, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా తిని!

బాలవ్వ ఆమె తినటాన్ని చూస్తోంది.  

"వాడు ఆనాడు ఫోన్ల ఇంకోటి గూడ అన్నడు. తన టెస్టుల ముచ్చట. ఎవ్వలకు చెప్పనని నాతోని ఒట్టు వేయించుకున్నడు."

మమత చెయ్యి ఆగింది.

"తిను ముందుగాల," అంది బాలవ్వ. ఆమె గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది. "నువ్వు తిన్నంక చెప్త. కడుపు ఖాళీ పెట్టుకొని ఇనే ముచ్చట గాదు."

మమత తినసాగింది. డబ్బా అయిపోతే తన పూట అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ అడుగు ఎప్పుడు కనబడుతుందా అని తొందరపడేది. ఇప్పుడు ఒక్కో మెతుకే ఏరుకుంటోంది.

ఎర్రటి పులుసు కింద తెల్లటి అడుగు అక్కడక్కడా కనబడుతోంది. ఇంకా రెండు ముద్దలున్నాయి.